టిక్కెట్టుకీ రాకెట్టుకీ ఒకటే తోక

ప్రశ్న: అయ్యా, నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసి దిగిపోయాను. ఎక్కువ కాలం కావలి, ఉదయగిరి సర్వీసే. ఇప్పుడు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాక ఒక సంగతి తోచింది. నేను రోజంతా అరిచింది టికెట్. చిల్లర వేసుకున్నది పాకెట్. బస్సులో జనం చించి తినేది ప్యాకెట్, వద్దన్నా వెలిగించేది సిగరెట్. మా అబ్బాయి తోలేది బుల్లెట్. శ్రీహరికోటలో లేచేది రాకెట్. అన్నీ 'ఎట్' అనే ఎందుకు ముగుస్తాయి? మా మనవరాలినడిగితే 'అది ఇంగ్లీషు తాతా, అంతే' అంటుండాది. అంతేనా?
ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ మనవరాలు చెప్పింది సగం నిజం. మిగతా సగం కాలువ దాటి ఫ్రాన్సులో ఉంది. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య ఉన్న ఆ కాస్త సముద్రాన్ని వాళ్ళు కాలువనే అంటారు లెండి, మన కనుపూరు కాలువలాగా.

ఆ 'ఎట్' పాత ఫ్రెంచి భాషలో ఒక ప్రత్యయం. 'చిన్న' అని దాని అర్థం. మగమాటకి 'ఎట్', ఆడమాటకి దాని చెల్లెలు 'ఎట్ట్'. మనం పిల్లకాలువ, గున్నమామిడి, చిట్టిచెల్లి అని చిన్నతనాన్ని మాటకి ముందు కడతాం. వాళ్ళు వెనక కడతారు. 1066లో నార్మండీ దొర ఇంగ్లండుని గెలిచాక చాలాకాలం అక్కడ పెద్దిళ్ళలోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచే నడిచింది. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా ఫ్రెంచి మాటలు బస్తాల లెక్కన ఇంగ్లీషులోకి దిగాయి, తోకలు కత్తిరించకుండానే. ఆ ఇంగ్లీషు మన దగ్గరికొచ్చి మీ తోలు సంచీలో పడింది.

మీ ఒంటిమీద నుంచే మొదలుపెడదాం. 'పోక్' అంటే సంచి, పాకెట్ అంటే చిన్న సంచి. 'ప్యాక్' అంటే మూట, ప్యాకెట్ చిన్న మూట. 'సిగార్' అంటే చుట్ట, సిగరెట్ చిన్న చుట్ట. టంగుటూరు వైపు పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ ఉన్న రైతునడిగితే చుట్ట పొగాకు వేరు, సిగరెట్ పొగాకు వేరు, రెండింటినీ కలిపి మాట్లాడితే నాకు కోపమొస్తుంది అంటాడు. ఫ్రెంచివాడు అంత లోతుకి పోలేదు. లావుగా ఉంటే ఒక పేరు, సన్నగా ఉంటే దానికే తోక.

టికెట్ కథ ఇంకొంచెం రుచిగా ఉంటుంది. పాత ఫ్రెంచిలో 'ఎస్తికే' అంటే అంటించడం, గుచ్చడం. దానికి తోక తగిలించి 'ఎస్తికెట్' అన్నారు. గోడకో తలుపుకో అంటించే చిన్న చీటీ అన్నమాట. 1500ల్లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని తెచ్చుకుంటూ తలకాయ తీసేశారు, 'టికెట్' మిగిలింది. రెండు వందల ఏళ్ళు పోయాక ఆ సంగతే మరిచిపోయి, అదే మాటని ఈసారి తలతో సహా మళ్ళీ తెచ్చుకున్నారు. అదే 'ఎటికెట్', అంటే నలుగురిలో నడుచుకోవలసిన తీరు. రాజుగారి కొలువులో ఎవరెట్టా నడుచుకోవాలో చీటీల మీద రాసిచ్చేవాళ్ళనీ, చీటీ పేరే మర్యాదకి వచ్చిందనీ చెబుతారు. టికెట్ తీసుకోనివాడికి మర్యాద తెలీదని మీరు ఉదయగిరి రోడ్డు మీద ఎన్నిసార్లు అరిచారో నాకు తెలీదుగానీ, మాటల పుట్టుక మీ పక్షానే ఉంది.

బుల్లెట్ చూడండి. ఫ్రెంచిలో 'బూల్' అంటే గుండు, 'బూలెట్' అంటే చిన్న గుండు. చుట్టరికం లేకపోయినా అదే పద్ధతిలో తయారైన మాట ఇటలీలో ఒకటుంది. అక్కడ బంతిని 'పాల్లా' అంటారు. చిన్న బంతి 'పల్లొత్తా'. వెనీసు పట్నంలో రహస్యంగా ఓటేయడానికి చిన్న బంతుల్ని పెట్టెలో వేసేవాళ్ళు, దాన్నుంచి వచ్చింది బ్యాలెట్. ఆ పాల్లాకే 'ఓనె' అనే ఇంకో తోక తగిలిస్తే పెద్ద బంతి, 'పల్లోనె'. అదే మన తిరునాళ్ళలో అమ్మే బెలూన్. ఓటు పెట్టెలో పడేదీ, పిల్లవాడి చేతిలో పేలిపోయేదీ ఒకే బంతి బంధువులు. ఇటలీవాళ్ళ చేతివాటం చూడాలంటే చెల్లో అనే వాయిద్యం పేరు చూడాలి. 'వియోలా' అనే వాయిద్యానికి పెద్ద తోక తగిలించి 'వియొలోనె' చేశారు. ఆ పెద్దదానికి మళ్ళీ చిన్న తోక కట్టి 'వియొలొంచెల్లో' అన్నారు. చిన్న పెద్ద వియోలా. మన ఊళ్ళో చిన్న పెద్దిరెడ్డి, పెద్ద చిన్నపరెడ్డి లేరూ, ఇదీ అంతే.

రాకెట్ దగ్గర మాత్రం నేను కాసేపు ఆగుతాను, మీరు ఓర్చుకోవాలి.

మా అమ్మ పుట్టిల్లు వెంకటగిరి. తాతది గుంటమగ్గం. వేసవి సెలవులకి పోతే పిల్లలందరికీ ఒకటే పని, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం. కండె అంటే నాడెలో పెట్టే చిన్న గొట్టం, దాని మీద పేకనూలు చుడతారు. నేను వదులుగా చుట్టేవాణ్ణి. తాత నాడె విసిరితే నూలు గుత్తిగా జారిపోయేది. "వీడు చుట్టిన కండె వీడి మాదిరే ఉండాది, కుదురు లేదు" అని మా అమ్మమ్మకి వినబడేలా అనేవాడు. ఆ చేత్తోనే చదువుకుని ఇంగ్లీషు అయ్యవారినయ్యాను.

1979లో సూళ్ళూరుపేటలో పనిచేస్తున్నాను. ఆ ఆగస్టులో లేపిన ఎస్‌ఎల్‌వి–3 సముద్రంలో పడింది. అందుకని మరుసటి ఏడు, 1980 జులై 18 పొద్దున మళ్ళీ లేపుతారంటే ఊళ్ళో పెద్దగా ఎవరికీ నమ్మకం లేదు. అయినా అందరం రోడ్డు మీదికొచ్చి తూర్పుకి తిరిగి నిలబడ్డాం. పులికాట్ అవతల నుంచి ఒక నిప్పుగీత లేచింది. కాసేపటికి గానీ చప్పుడు రాలేదు. ఈసారి నిలిచింది. రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి పోయిందని రేడియోలో విని పిల్లలు ఆ రోజు పాఠం చెప్పనివ్వలేదు. నాకూ చెప్పబుద్ధి కాలేదు. ఖాళీగా ఉండలేక లావుపాటి నిఘంటువు ఒకటి తీసి 'రాకెట్' దగ్గర తెరిచాను.

ఇటాలియన్ మాట, 'రొక్కెత్తో'. 'రొక్కా' అంటే ఉన్నినీ నారనీ చుట్టి పెట్టుకుని దారం తీసే కర్ర. దానికి 'ఎత్తో' తోక కడితే చిన్నది, నూలు చుట్టే గొట్టం. అంటే కండె! పండగలకి వదిలే తారాజువ్వ గొట్టం చూడ్డానికి కండెలా ఉందని ఆ పేరు పెట్టారు. 1600లు మొదలైన కొద్ది ఏళ్ళకే అది ఇంగ్లీషులోకి వచ్చింది. జర్మన్లు 'రకేటె' అన్నారు, రష్యన్లు 'రకేతా' అన్నారు, అంతా ఆ కండె సంతానమే. ఫ్రెంచివాళ్ళు మాత్రం ఇవాళ రాకెట్‌ని 'ఫ్యూజే' అంటారు. సరే, వీళ్ళు వేరే దారి పట్టారనుకుని దాన్నీ వెతికితే, అదేమో నూలు నిండిన కదురు! ఒకరు కండెని చూశారు, ఒకరు కదురుని చూశారు. ఆ పూట నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అప్పటికి తాత పోయి రెండేళ్ళు.

2023 జులై 14న చంద్రయాన్–3ని మోసుకుని శ్రీహరికోటలో లేచిన ఎల్‌వీఎం–3 ఎత్తు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులు. పేరు మాత్రం చిన్న కండె. ఈసారి గట్టిగానే చుట్టారురా అనేవాడేమో తాత.

ఇప్పుడు మీకొక అనుమానం రావాలి. అన్నీ చిన్నవని పేరు పెట్టుకుని ఇంత పెద్దవెట్టా అయ్యాయి? తోక మాటకి అతుక్కుపోయి చాలాకాలమైతే అది తోకన్న సంగతి జనం మరిచిపోతారు. ఆ తర్వాత మాట తన ఇష్టం వచ్చినంత లావెక్కుతుంది. బడ్జెట్ చూడండి. ఫ్రెంచిలో 'బూజెట్', చిన్న తోలుసంచి. ఇంగ్లండులో ఆర్థికమంత్రి తన లెక్కల సంచి విప్పుతున్నాడని ఎగతాళిగా అన్న మాట 1733 నాటికే రాతలోకి ఎక్కింది, అక్కడినుంచి లెక్కలకే ఆ పేరు స్థిరపడింది. మన ఆర్థికమంత్రి 2019లో తోలు పెట్టె మానేసి ఎర్రగుడ్డలో చుట్టిన బహీఖాతా తెచ్చారు. 2021లో టాబ్లెట్ చూసి చదివారు. టాబ్లెట్ అంటే చిన్న పలక. చిన్న సంచి చిన్న పలకలోకి ఎక్కింది, లోపల లక్షల కోట్లు. చదివించిన వాళ్ళది క్యాబినెట్, అంటే చిన్న గది.

టాయిలెట్ సంగతి ఇంకా విచిత్రం. 'త్వాల్' అంటే గుడ్డ. 'త్వాలెట్' చిన్న గుడ్డ. అద్దం ముందు బల్ల మీద పరిచే గుడ్డకి ఆ పేరు ఉండేది. గుడ్డ పేరు బల్లకి వచ్చింది, బల్ల పేరు ముస్తాబుకి వచ్చింది, ముస్తాబు పేరు ఆ గదికి వచ్చింది, ఆ గదిలో నీళ్ళ వసతి పెట్టాక... చివరికి బస్టాండు మూలకి వచ్చింది. చెప్పుకోడానికి మొహమాటంగా ఉన్న ప్రతిదానికీ మనుషులు మెత్తటి గుడ్డ ఒకటి కప్పుతారు, ఇక్కడ నిజంగానే గుడ్డ కప్పారు.

తోక ఎంత మొద్దుబారుతుందో ఫ్రెంచివాళ్ళ సూర్యుణ్ణి చూసి తెలుసుకోవచ్చు. లాటిన్‌లో సూర్యుడు 'సోల్'. ఫ్రెంచిలో 'సొలేయ్', ఆ చివరిది లాటిన్ కాలపు చిన్న తోకే. బుల్లి సూర్యుడన్నమాట. ఆ మాట పుట్టించినవాణ్ణి రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో నిలబెట్టాలి. చెవికీ ఇంతే జరిగింది. లాటిన్‌లో చెవి 'ఔరిస్'. జనం ముద్దుగా చిన్న చెవి చేసి 'ఒరిక్లా' అన్నారు. రోమను అయ్యవారెవరో తప్పొప్పుల పట్టిక ఒకటి రాసిపెట్టాడు, 'ఔరిస్ అనండి, ఒరిక్లా అనకండి' అని. నాలాంటివాడే, పాపం. ఓడిపోయాడు. ఒరిక్లా అరిగి అరిగి ఫ్రెంచిలో ఏమైందో తెలుసా? 'ఒరేయ్'. నిజం. ఫ్రెంచివాడి చెవి పేరు ఒరేయ్.

తోక బతికున్న భాషల్లో దాని పని వేరేగా ఉంటుంది. అక్కడ అది కొలత చెప్పదు, మనసు చెబుతుంది. స్పెయినువాళ్ళ తోక 'ఇతో', మన 'ఎట్'కి సొంత అన్న. 'మోస్కా' ఈగ, 'మొస్కితో' చిన్న ఈగ, అదే మన దోమ. నెల్లూరు దోమని చిన్న ఈగ అన్నవాడు ఒక రాత్రి ఇక్కడ పడుకోలేదు. వాళ్ళు ఈ తోకని వస్తువులకే కాదు, 'ఇప్పుడు' అనే మాటకి కూడా కడతారు. 'అవోరా' అంటే ఇప్పుడు, 'అవొరీతా' అంటే చిన్న ఇప్పుడు. మెక్సికోలో అవొరీతా వస్తానన్న మనిషి ఈ నిమిషం రావచ్చు, సాయంత్రం రావచ్చు, అసలు రాకపోవచ్చు. మన ప్లంబరు ఫోనులో 'ఇదో, దారిలోనే ఉండా సార్' అంటాడే, సరిగ్గా అదే. మనమూ పెద్ద అప్పు అడిగేటప్పుడు 'చిన్న మాట' అనే మొదలుపెడతాం కదా.

డచ్చివాళ్ళు ఈ విషయంలో అందరికన్నా ముదుర్లు. వాళ్ళ తోక 'యె', 'త్యె', 'ప్యె', ముందున్న అక్షరాన్ని బట్టి మారుతుంది. చేతికందిన ప్రతి మాటకీ కడతారు. 'బీర్' అంటే బీరు. 'బీర్‌త్యె' అంటే చిన్న బీరు కాదు, ఒక గ్లాసు బీరు. కొలవలేనిదాన్ని లెక్కపెట్టగలిగేలా చేయడానికి వాడతారు తోకని. ఇది నాకు చాలా నచ్చిన ఉపాయం. బేకరీలో కుకీలంటున్నామే, అది డచ్చి 'కూక్యె', చిన్న కేకు. 1613లో పులికాట్‌లో కోట కట్టుకుని కూర్చున్న ఆ డచ్చివాళ్ళు కూక్యెలు మనకి చేసిపెట్టి పోలేదు. అవి న్యూయార్కు వైపు స్థిరపడిన వాళ్ళ బంధువుల దగ్గర్నుంచి అమెరికా ఇంగ్లీషులోకి దూరి, చుట్టు తిరిగి, ట్రంకు రోడ్డు బేకరీకి చేరాయి.

రష్యావాళ్ళు నీటిని 'వదా' అంటారు. దానికి 'కా' తోక కట్టి చిన్న నీళ్ళన్నారు, వోడ్కా. ఇంతకన్నా వివరించను, మీరు రిటైరయినవారు.

ఆ రష్యన్ 'కా' మనకి దూరపు చుట్టం. సంస్కృతంలో 'పుత్రుడు' అంటే కొడుకు, 'పుత్రక' అంటే బుజ్జికొడుకు. ఆ 'క', రష్యా 'కా' ఒకే పాత మొదలు నుంచి వచ్చినవి. తెలుగులోకి అది 'ఇక'గా బాగానే దిగింది. నాటకం పెద్దది, నాటిక చిన్నది. పుస్తకం పెద్దది, పుస్తిక చిన్నది. కండక్టరుగారూ, మీకు పొలం ఉంటే ఇంకో మాట బాగా తెలుస్తుంది, గుళికలు. వరిలో పురుగు పడితే గుళికలు చల్లారా అని అడుగుతాం. 'గుళ' అంటే ఉండ, 'గుళిక' చిన్న ఉండ. ఫ్రెంచి బూలెట్ ఎట్టా తయారైందో ఇదీ అట్టాగే తయారైంది. మందుమాత్రనీ గుళిక అన్నారు, తుపాకీ గుండునీ గుళిక అన్నారు. మీ అబ్బాయి బండిని ఇకమీదట గుళిక అని పిలిస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది, అబ్బాయి ఒప్పుకోడు. అచ్చతెలుగులో అయితే వెనక కట్టేది 'గాడు' ఒకటుంది. వెంకటిగాడు అని అమ్మ పిలిస్తే ముద్దు, అప్పులవాడు పిలిస్తే తిట్టు. యూరపు తోకలన్నిటిదీ ఇదే వరస.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. ఫ్రెంచివాళ్ళు చివరి ట మింగేశారు. పెళ్ళిలో ఇచ్చే బొకే నిజానికి 'బొకెట్'. 'చిన్న అడవి' నుంచి వచ్చిన మాట, రాతలో ట ఉంది, నోట్లో లేదు. ఇంగ్లీషువాళ్ళు ఆ ట పలికారు. మనం దాన్ని రెండు చేసి పైన ఉకారం కూడా తగిలించాం. టిక్కెట్టు, బుల్లెట్టు, పాకెట్టు. ఫ్రెంచివాళ్ళు పారేసుకున్న అక్షరాన్ని వడ్డీతో సహా దాచింది మనమే.

చివరిగా, ఎట్ కనబడిన ప్రతిచోటా చిన్నతనం వెతక్కండి. మార్కెట్ చిన్నది కాదు, లాటిన్‌లో బేరమాడడం నుంచి వచ్చింది. ప్లానెట్ గ్రీకు, తిరుగుబోతు అని అర్థం. బిస్కెట్‌లో అసలు ఎట్ లేనేలేదు, 'రెండుసార్లు కాల్చినది' అనే ఫ్రెంచి మాటని మనం మన నోటికి అనువుగా ఎట్ చేసుకున్నాం. టెన్నిస్ ఆడే రాకెట్‌కీ శ్రీహరికోట రాకెట్‌కీ చుట్టరికం లేదు, తెలుగులో రాసేటప్పుడు ఒకేలా ఉంటాయి, అంతే. పినాకిని రైల్లో ఒంగోలు దాటాక వచ్చే కట్లెట్‌లో మాత్రం ఉన్నది మన ఎట్టే. దాన్ని కత్తితో కోయడానికీ ఆ పేరుకీ సంబంధం లేదు. ఫ్రెంచిలో 'చిన్న పక్కటెముక' అని అర్థం, అందులో చిన్న తోకలు రెండున్నాయి, ఒకటి మీద ఒకటి. ఇప్పుడందులో ఎముక లేదు, బంగాళాదుంప ఉంది.


ప్రశ్న: నర్సింగ్ చదివి జర్మనీ పోవడానికి ఆ భాష నేర్చుకుంటున్నాను. పురుషుడు పుంలింగం, స్త్రీ స్త్రీలింగం, బాగానే ఉంది. అమ్మాయిని మాత్రం నపుంసకలింగమంటున్నారు! మా క్లాసులో అమ్మాయిలందరికీ కోపమొచ్చింది. ఇదేం భాష సార్?
ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కోపం కాసేపు పక్కన పెట్టమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఒకటే తోక పట్టుకుని వచ్చాయి. పైన కావలి కండక్టరుగారికి రాసింది చదివే ఉంటావు.

జర్మన్‌లో చిన్న అని చెప్పే తోకలు రెండు, 'షెన్', 'లైన్'. వాటి చట్టం ఒకటే. ఏ మాటకి తగిలినా దాన్ని నపుంసకం చేస్తాయి. 'మాగ్ట్' అంటే పనిపిల్ల, అది స్త్రీలింగమే. దానికి షెన్ తగిలి, అరిగి, 'మేడ్‌షెన్' అయింది. నపుంసకం చేసింది తోక, అమ్మాయి కాదు. 'మాన్' అనే మగవాడికి షెన్ తగిలించి 'మెన్‌షెన్' చేసినా వాడిదీ అదే గతి. కాబట్టి పక్షపాతం లేదు. పొద్దున నువ్వు తినబోయే 'బ్రోట్‌షెన్' చిన్న రొట్టె, రోగి నొప్పి ఎంతుందంటే 'బిస్‌షెన్' అంటాడు, చిన్న కొరుకంత, అంటే కొంచెం. అవన్నీ ఒకే వరస. నీకు లాభమేమిటంటే, చివర చిన్నతనం చెప్పే షెన్ కనబడితే లింగం బట్టీ పట్టక్కర్లేదు, కళ్ళు మూసుకుని నపుంసకానికి ముందు పెట్టే 'దాస్' అనెయ్. ఆ భాషలో ఇంత నమ్మకంగా చెప్పగలిగే సూత్రాలు ఎక్కువ లేవు.

ఇంకో సంగతి. వాళ్ళని తిట్టేముందు మన ఇల్లు చూసుకుందాం. రాముడు వచ్చాడు. సీత వచ్చింది. ఆవు వచ్చింది. ఒంగోలు బస్సు వచ్చింది. ఏకవచనంలో సీతనీ ఆవునీ బస్సునీ ఒకే గాట కట్టింది మన తెలుగు. జర్మన్లు తోక తగిలితేనే కడతారు, మనం తోక లేకుండానే కట్టేశాం. బహువచనంలో మాత్రం మన భాష తప్పు దిద్దుకుంది. అమ్మాయిలు వచ్చారు, ఆవులు వచ్చాయి. నలుగురు కలిస్తే గానీ మర్యాద రాలేదన్నమాట.

నీ కోపానికి సరిపోయే కథ ఇంగ్లండులో ఉంది. ఆడవాళ్ళకి ఓటు కావాలని పోరాడేవాళ్ళని అక్కడ 'సఫ్రజిస్ట్' అనేవాళ్ళు. 1906లో డైలీ మెయిల్ పత్రిక కాస్త గట్టిగా గొడవ చేసేవాళ్ళని వెక్కిరించడానికి 'ఇస్ట్' తీసేసి 'ఎట్ట్' తగిలించి 'సఫ్రజెట్' అంది. చిన్నది, ఆడది, నకిలీది, ఈ మూడూ ఆ తోకలో ఉన్నాయి కాబట్టి బాగా గుచ్చుకుంటుందనుకున్నారు. ఆ ఆడవాళ్ళు ఆ పేరే తీసుకుని జెండా మీద కట్టుకున్నారు, 1912లో తమ పత్రిక ఒకదానికి కూడా అదే పేరు పెట్టారు. ఇవాళ ఆ పేరు తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు, వెక్కిరింపు సంగతి తెలిసినవాళ్ళు కొద్దిమంది.

పరీక్ష బాగా రాయి. లింగాల దగ్గర కాదు, విభక్తుల దగ్గర జాగ్రత్త.


ప్రశ్న: మీరు కూడా ఒకప్పుడు గెజిటెడ్ హెడ్మాస్టరే కదా. గెజిట్ అంటే ఏంది? అందులోనూ మీ 'ఎట్' ఉందా?
ఒక ఉపాధ్యాయుడు, పొదిలి

జవాబు: ఉంది. వెనీసు మాట, 'గజెత'. అది అక్కడ ఒక చిన్న నాణెం పేరు. ఆ నాణెం ఇస్తే వార్తల కాగితం వచ్చేదని కాగితానికీ ఆ పేరు వచ్చిందంటారు. ఇంకొందరు 'గాజ్జా' అనే వాగుడుపిట్టకి తోక తగిలించిన మాటే అది, పనిలేని కబుర్ల కాగితం కాబట్టి ఆ పేరు పెట్టారంటారు. ఏదైనా తోక మాత్రం అదే. నేను ఆకుపచ్చ ఇంకు పెన్ను జేబులో పెట్టుకుని నాలుగేళ్ళు తిరిగాను. ఇంటికొచ్చి మార్కుల జాబితాల జెరాక్సుల మీద సంతకాలు పెట్టించుకున్నవాళ్ళు ఎందరో లెక్కలేదు. నాణెం ఒక్కటీ తీసుకోలేదు. కాఫీ మాత్రం మా ఇంట్లోదే ఇచ్చి పంపేవాళ్ళం.